మొదటి సాలు

జూన్ 9, సోమవారం

మొన్న శనివారం పొద్దున ఏమీ జరగలేదు. అందుకే రాసి పెట్టుకోవాలనిపిస్తోంది.

కోడి కూయకముందే లేచాను. ప్రార్థన చేసుకుని బయటికి వస్తే మబ్బు కిందికి దిగి ఉంది, చినుకు మాత్రం లేదు. పొయ్యి ముట్టించాను. పైన దూలానికి వేలాడే అడ్డాకు పొట్లాలు పొగకు నల్లబడ్డాయి. కంది, బొబ్బర, జొన్న, గోంగూర, పక్కింటి కమ్లీ ఎప్పుడో ఇచ్చిన సామ. అమ్మ వేసిన ముడే నేనూ వేస్తాను. ఒక్కొక్కటీ దింపి చెవి దగ్గర ఊపి చూశాను. గింజ గలగలమంటే బాగున్నట్టు. పురుగు పడితే చప్పుడు మొద్దుగా వస్తుంది. కంది కొంచెం మొద్దుగా ఉంటే విప్పి చేటలో ఆరబోశాను.

బుజ్జి నడుముకు గుడ్డ బిగించుకుని వాకిలి ఊడుస్తోంది. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి పొడుగు చీపురే, వంగకుండా. మా తమ్ముడు సుమన్ గడపలో కూర్చుని నల్ల టీ తాగుతూ పెళ్ళాన్నే చూస్తున్నాడు.

కమ్లీ కంచె మీదుగా నేరేడు పళ్ళ దొప్ప అందించింది. వాళ్ళ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, చేలూ అంతే.

"జయక్కా, మీ చర్చి గింజలు రేపేనా?"

రేపే అన్నాను.

"నాకో పిడికెడు దాచు. మీ దేవుడు కంది బాగ కాయిస్తడు. మా దేవునికి సామ మీదే మనసు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఇద్దరి నాలుకలూ ఊదా రంగు.

అంతే. ఆ పొద్దున అంతే.

నిన్న విత్తనాల ఆదివారం. మంగల్ పాస్టర్ గారి తాత పెట్టిన ఆచారం ఇది. ఊరి విత్తనాల పండుగకు మనం పోం గదా, అట్లాగని మనవాళ్ళు ఒట్టి చేతులతో దుక్కిలో దిగొద్దని పెట్టాడట. ప్రతి ఇంటి నుంచి పిడికెడు గింజలు ఒకే గంపలో పోస్తాం. ఆడవాళ్ళం కలుపుతాం. ప్రార్థన అయ్యాక ఇంటికో పిడికెడు. మొదటి సాలులో అవే పడాలి. తర్వాతే సొంత విత్తనం.

మా వంతు నేను పోసి పక్కకు జరిగాను. సుమన్ ముందుకు వచ్చి జేబులోంచి తీసి తనూ పోశాడు. తెల్ల జొన్నల మీద గులాబీ రంగు పత్తి గింజలు.

"ఇవి ఎక్కడియి, సుమన్?" అన్నారు పాస్టర్ గారు.

"గోదావరి అవతల నుంచి తెచ్చిన అయ్యగారూ. గడ్డి మందు కొట్టినా చావని పత్తి. గడ్డే చస్తది."

"బిల్లు ఉన్నదా?"

"వీటికి బిల్లు ఇయ్యరు. సర్కారు ఇంక ఒప్పుకోలే. అయినా అందరు వేస్తున్నరు."

వికాస్ లేచాడు. యువజనుల కూటం అతనే నడుపుతాడు. "దేవుడు ఏ జాతి గింజను ఆ జాతిగనే చేసిండు. దాని లోపలికి చెయ్యి పెట్టనీకి మనిషెవరు అన్నా?"

"మా బుజ్జి లోపలికి డాక్టరు చెయ్యి పెట్టి గడ్డ తీసిండు. ఆ రోజు అందరు స్తోత్రం అన్నరు గద. నువ్వే గట్టిగ అన్నవ్."

బుజ్జి తల వంచుకుంది.

పాస్టర్ గారు వంగి ఒక గులాబీ గింజ చేతిలోకి తీసుకున్నారు. "పాపమని నేను అనలేను. అంత చదువు నాకు లేదు. కాని ఈ గంపల పడ్డది ఇంటింటికి పోతది. తెలిసి తీసుకున్నోని సంగతి వేరు, తెల్వక తీసుకుపోయినోని సంగతి వేరు. ఏరెయ్యండమ్మా."

కూర్చుని ఏరాం. నేనూ ఏరాను. సుమన్ నిలబడి నా వేళ్ళనే చూశాడు.

కమ్లీకి పిడికెడు తెచ్చి ఇచ్చాను.

జూన్ 12

సుమన్ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడితే తింటాడు.

జూన్ 14, శనివారం

గనుల ఊరు కిరండూల్ నుంచి చెల్లెలు రాజ్యశ్రీ వచ్చింది. టౌన్‌షిప్ బడిలో సైన్సు చెబుతుంది. ఆంధ్రావాళ్ళ మధ్య ఉండి ఉండి దాని మాట కూడా మారింది.

"పెద్దక్కా, నువ్వు కట్టుకున్న చీర పత్తి కూడా అలాంటిదే. పురుగు తట్టుకునే జన్యువు పెట్టినదే. ఇరవై ఏళ్ళ పైనుంచి దేశమంతా అదే. నీ ప్రార్థనకేమైనా అడ్డం వచ్చిందా?"

"చీర పక్క చేలోకి పోదు" అన్నాను.

"పోదులే. నేను చెప్పేది గింజ దెయ్యం కాదని. అట్లాగని సుమన్ తెచ్చింది మంచిదనీ అనను. పరీక్ష లేదు, బిల్లు లేదు. లోపల ఏముందో అమ్మినవాడికే తెలియదు. సర్కారు చూసి ఇచ్చిందైతే నేనే వెయ్యమంటాను."

"సర్కారు ఇచ్చేదాక గడ్డి ఆగుతదా?" అన్నాడు సుమన్.

బుజ్జి లోపల్నుంచి వచ్చింది. "అందరు గింజ గురించే మాట్లాడుతున్నరు. నడుము నాది. నన్నెవరన్న అడిగిన్రా?"

అడగలేదు. నిజమే.

"అయితే చెప్పు" అన్నాను.

"వెయ్యనియ్యండి వదినా. ఈ ఒక్క ఏడు కలుపు తియ్యకుండ ఉంటే చాలు."

జూన్ 20

పత్తి పెట్టాం. పొద్దున్నే సుమన్ చాలా రోజుల తర్వాత నాతో నోరు తెరిచాడు. "మొదటి సాలు నీ ఇష్టం అక్కా. మిగతా చేను నాది."

కమ్లీ వాళ్ళ గట్టు వైపు మొదటి సాలు. ప్రార్థన చేసి నా పిడికెడు పోసుకుంటూ నడిచాను. కంది, జొన్న, బొబ్బర, గోంగూర, ఎవరింటివో నువ్వులు. గట్టు అవతల కమ్లీ కూడా తన పిడికెడు తన మొదటి సాలులో చల్లింది. అక్కణ్ణుంచి అంతా సామే. వాళ్ళ పుట్టింటి సామ. పాత రకం. ఇప్పుడు ఊళ్ళో అందరూ మానేశారు.

వెనక నుంచి సుమన్ గులాబీ గింజలు పెట్టుకుంటూ వచ్చాడు. వాన మధ్యాహ్నం పడింది. దేవునికి వందనాలు.

జూన్ 27

మొలిచాయి. అన్నీ.

జూలై 14

వాన విడవడం లేదు. గడ్డి పత్తిని మించింది. కూలికి పిలుద్దామంటే అందరివీ నాట్లు. బుజ్జి ఒక పూట దిగింది. సాయంత్రం గోడ పట్టుకుని లేచింది.

నేను రెండు సాళ్ళు తీశాను. మోకాళ్ళు మాట వినడం లేదు.

జూలై 19, శనివారం

సుమన్ గడ్డి మందు కొట్టాడు. వాన తెరిపి ఇచ్చింది గదా అని నేను దుప్పట్లు ఉతికి ఆరేశాను. రెండు ఎగిరి కమ్లీ వాళ్ళ కంచె మీద పడ్డాయి. పోయి తెచ్చుకున్నాను.

జూలై 20

ఆరాధనకు వెళ్ళాం. చేను ఎట్లుందమ్మా అని అడిగారు పాస్టర్ గారు. బాగుంది అన్నాను.

జూలై 26

గడ్డి చచ్చింది. సాళ్ళ మధ్య టీ పొడి రంగు. పత్తి మాత్రం ఏమీ ఎరగనట్టు పచ్చగా నిలబడి ఉంది. సుమన్ నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్ళి చూపించాడు. చిన్నప్పుడు పట్టిన పిట్టను చూపించినట్టు.

చూస్తూ చూస్తూ గట్టు దాకా వచ్చాం. మొదటి సాలు లేదు. కంది ఆకు ముడుచుకుపోయింది. జొన్న ఎండుగడ్డి. గోంగూర కాడలు మాత్రం మిగిలాయి.

"అక్కా, మర్చిపోయిన" అన్నాడు. "సాలు సంగతి మతికే రాలే. చేనంతా ఒక్కతీరుగ కొట్టుకుంట వచ్చిన."

పర్వాలేదు అన్నాను.

ప్రార్థన చేసి వేసినవి పోయాయి. ఏరి బయట పెట్టినవి నిలబడ్డాయి. ఇందులో అర్థం ఏమిటని నేను అడగలేదు. అడిగే ఓపిక కూడా లేదు. మందుకు ప్రార్థన తెలియదు, అంతే.

రాత్రి అన్నాల దగ్గర బుజ్జి నిటారుగా కూర్చుని పాట పాడింది. పెళ్ళయిన కొత్తలో విన్నాను ఆ గొంతు.

జూలై 28

కమ్లీ ఒక సామ దుబ్బు పీక్కొచ్చింది. పసుపు తిరిగి, మొవ్వు లాగితే ఊడి వస్తోంది.

"జయక్కా, ఇది ఏం రోగం? గట్టు కాడ మొదలై లోపలికి పోతున్నది. నువ్వు ఇచ్చిన గింజలు కూడ పోయినయి."

వాన ఎక్కువైంది గదా, వేరు కుళ్ళిందేమో అన్నాను.

వేరు చూపించింది. తెల్లగానే ఉంది.

ఆమె వెళ్ళాక సుమన్‌ను అడిగాను. ఆ రోజు గాలి లేదన్నాడు. లేదు కావచ్చు.

జూలై 30

గాలి లేదనే అంటున్నాడు. అంత పొద్దున గాలి ఎక్కడిది అంటున్నాడు. పొద్దున గాలి ఉండదు మామూలుగా.

ఆగస్టు 1

ఊరి పూజారి కేసా మామ మా వాకిట్లోకి వచ్చాడు. ఎన్నేళ్ళయిందో ఆయన ఇటు వచ్చి. మంచం వేస్తే కూర్చోలేదు.

"జయా, ఉంగ చేను చూసినవా?"

చూశాను అన్నాను. ఉంగ కమ్లీ పెనిమిటి.

"మీ గింజలు చల్లినమని వాని పెండ్లామే చెప్పింది. దాపరికం లేని మనిషి. మీరు ఆ గింజలల్ల ఏం కలిపిన్రు?"

"ఏం కలపలేదు మామా. ప్రార్థన చేసినం."

"అదే ఎక్కువైందేమో."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు. మా చేను వైపు తిరిగి చూశాడు.

"మీ చేను మంచిగుంది. గడ్డి కూడ మీ మాట వింటున్నది."

వెళ్ళబోతూ చెప్పాడు. నిన్న ఊరందరూ కూడి బైఠక్ అయిందట. ఊరి గింజలో బయటి గింజ కలిపినందుకు నేలతల్లికి కోపం వచ్చిందన్నారట. ఉంగ తప్పు దిద్దుకునేదాకా విత్తనాల పండుగలో వాళ్ళ ఇంటికి పిడికెడు గింజ ఇయ్యరు, వాళ్ళ ఇంటిది పుచ్చుకోరు.

"నాకు సంబరం కాదు జయా. వాడు నా చేతుల మీద పెరిగినోడు. కాని కండ్ల ముందల చేను చచ్చింది. ఏందో ఒకటి చెప్పాలె గద."

సుమన్ లోపలే ఉన్నాడు. విన్నాడు.

ఆగస్టు 2

మంచినీళ్ళ బోరు దగ్గర కమ్లీ ఉంది. వరసలో నా ముందు నిలబడింది. బిందె నిండాక తిరిగి చూడకుండా వెళ్ళింది.

గాలి లేదు ఆ రోజు.

ఆగస్టు 3, ఆదివారం

ఆరాధన అయ్యాక ఎవరూ లేవలేదు. ఉంగ సంగతి అందరికీ తెలిసింది. ఊరి కుర్రవాళ్ళు చర్చి వాళ్ళ సంగతి కూడా తేల్చాలంటున్నారట.

వికాస్ అన్నాడు, "నేను ఆ రోజే చెప్పిన. శాపమున్న విత్తనం. తన చేను తను కాపాడుకొని పక్క చేను తిన్నది."

సుమన్ ఒక్కసారిగా లేచాడు. "గింజ ఎట్ల తింటది? పిచ్చోని లెక్క మాట్లాడకు. గింజకు నోరున్నదా? మందు పోయింది గాలికి."

"అయితే గాలి ఉన్నది" అన్నారు పాస్టర్ గారు, మెల్లగా.

సుమన్ కూర్చున్నాడు. గింజను కాపాడబోయి తన గుట్టు తానే బయట పెట్టుకున్నాడు.

"ఈ మాట చెప్పాల్సింది ఇక్కడ కాదు, కేసా దగ్గర" అన్నారు పాస్టర్ గారు.

"చెప్తే ఏమైతదో తెలుసా అయ్యగారూ?" వికాస్ గొంతు మారింది. ఇందాకటి కోపం లేదు, భయం ఉంది. "సుమన్ అన్న చేసిండు అనరు. చర్చోళ్ళు చేసిన్రు అంటరు. ఉన్నదే కొన్ని ఇండ్లం. ఈ తలుపుకు తాళం పడ్తది. పోయిన ఏడు పక్క ఊర్ల ఏమైందో మీకు తెల్వదా?"

"తెలుసు."

"మరి?"

"తాళం పడితే చెట్టు కింద కూసుందాం. కాని ఉంగ మన తప్పు మోస్తుంటే లోపల కూసొని పాట పాడలేను నేను."

ఒకామె ఏడ్చింది. ఏమీ తేలకుండానే లేచాం. దారి పొడుగునా సుమన్ నా ముందు నడిచాడు.

ఆగస్టు 4

కమ్లీ వచ్చింది. లోపలికి రాలేదు. కంచె మీదుగా చిన్న అడ్డాకు పొట్లం పెట్టింది. నేను ఇచ్చిన పిడికెడులో చల్లాక మిగిలినవి, వచ్చే ఏటికని కట్టి పెట్టుకుందట.

"ఉంగ ఇంట్ల ఉంచొద్దన్నడు. పారెయ్యబుద్ధి కాలే. నీవి నువ్వు తీసుకో."

"కమ్లీ" అన్నాను.

"పుట్టింటి సామ పోయింది జయక్కా. మా అమ్మకు ఏం చెప్పాలె? రోగం అని చెప్దామంటే వేరు తెల్లగున్నది."

నా వైపు చూసింది. ఆమెకు తెలుసు. లేదా తెలియదు. నేను చెబుతానేమోనని కాస్త ఆగింది. నేను చెప్పలేదు. వెళ్ళిపోయింది.

పొట్లం చెవి దగ్గర ఊపి చూశాను. గలగలమంది. బాగున్నాయి.

ఇవాళ ప్రార్థనలో మాటలు రాలేదు. ఊరికే మోకరించాను. దుప్పట్లు కళ్ళ ముందుకొస్తున్నాయి. తూర్పున కమ్లీ వాళ్ళ కంచె మీద పడ్డాయి రెండూ, చేలో గట్టూ అటు వైపే. గాలి ఉంది ఆ రోజు. దుప్పటిని ఎత్తుకుపోయేంత గాలి ఉంది. తెచ్చి మడత పెట్టాను నేనే.

ఆగస్టు 5, మంగళవారం

సాయంత్రం దీపాల వేళ ముగ్గురం కూర్చున్నాం. నేను దుప్పట్ల సంగతి చెప్పాను. ఈసారి సుమన్ దాచలేదు.

"తెలుసక్కా. సగం చేను అయినంక లేచింది గాలి. పంపుల మందు మిగిలింది. ఆపితే మళ్ళ కలపాలె. గట్టు వైపే మిగిలింది."

"ఎందుకు చెప్పలే?" అంది బుజ్జి.

"నీ కోసమే గద చేసింది."

బుజ్జికి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం పెంచలేదు. "నా కోసం గోదావరి దాటినవ్. నా కోసం దొంగ విత్తనం తెచ్చినవ్. నా కోసం పక్కింటి చేను ఎండబెట్టినవ్. ఇన్ని దారులు ఎతికినవ్ గాని, నువ్వు వంగి కలుపు తియ్యొచ్చని మాత్రం తోచలే నీకు."

"మొగోళ్ళు తీస్తరా ఎక్కడన్న?"

"తియ్యరు. అందుకే గద ఇంత అయింది."

నాకు నవ్వు వచ్చింది. ఎన్ని రోజులకో. సుమన్ కూడా నవ్వబోయి ఆగాడు. తర్వాత మొహం కప్పుకున్నాడు.

రాజ్యశ్రీకి ఫోన్ చేశాం. అంతా విని అది చెప్పింది. "గింజను తిట్టకండి, పొగడకండి. గాలి ఉండగా మందు కొట్టామని చెప్పండి. అదే నిజం. మిగతా చర్చ తర్వాత చేసుకోవచ్చు." ఊరి వాళ్ళు ఏమంటారో అని అడిగితే, "నేను రేపటి బస్సుకు వస్తాను" అని పెట్టేసింది.

చివరికి తేలింది ఇది.

రేపు తెల్లవారాక, నలుగురూ తిరిగే వేళ, సుమన్ మందు పంపు భుజానికి వేసుకుని కేసా మామ వాకిట్లోకి వెళతాడు. ఉంగ తప్పు ఏమీ లేదని, చర్చి గింజల తప్పు కూడా లేదని, మందు తనదని చెబుతాడు. ఊరు ఏ దండుగ వేస్తే అది మా ఇంటి మీద. చర్చి పేరు ఎత్తితే, ఇది ఇంటి పని, మందిరం పని కాదని నేను అనాలి. వాళ్ళు నమ్మకపోవచ్చు. నమ్మకపోయినా చెప్పాలి. పాస్టర్ గారికి ముందే కబురు పెడతాం, తలుపు సంగతి ఆయన చూసుకునేటట్టు.

పత్తి ఉంటుంది. బుజ్జి ఉంచమంది, నేను కాదనలేదు. మళ్ళీ మందు మాత్రం పడదు. రెండో కలుపు సుమన్ తీస్తాడు. ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం పూట తీస్తానన్నాడు, ఎవరూ చూడరని. బుజ్జి పొద్దున్నే తియ్యాలంది. గట్టు మీద కూర్చుని చూస్తానంది.

వచ్చే విత్తనాల ఆదివారం గంపలో ఏది పొయ్యొచ్చు, ఏది పొయ్యకూడదు అన్నది మేం తేల్చలేదు. అది మా ముగ్గురితో తేలేది కాదు.

దూలం మీది సామ పొట్లం దింపాను. కమ్లీ పుట్టింటిదే, తను ఇచ్చిందే. ఊపి చూస్తే సగం గలగల, సగం మొద్దు. సగమైనా ఉంది. అదును ఇంకా దాటలేదు. కమ్లీ తీసుకోకపోతే కంచె మీద పెట్టి వస్తాను.

ముందు సుమన్ ఒక్కడే వెళతానన్నాడు. వద్దన్నాం. ముగ్గురం వెళుతున్నాం. గాలి సంగతి నేను చెప్పాలని తేలింది. ఎగిరిన దుప్పట్లు నేను ఆరేసినవి గనుక.